టికెట్టు మందం

కాట్పాడిలో మూతపడిన కార్ఖానా నుంచి
తోతాపురి కాయలు దించి ఖాళీగా వస్తున్న లారీలో
తెచ్చినాను దీన్ని.
నెల దాకా ఇనుము మామిడి సొన వాసన కొట్టింది.
పైన జాయింటరు, కింద ప్లేనరు,
ఒకే మోటారు, ఒకే కత్తుల రోలరు,
రెండు మిషన్లకు చోటులేని మురకంబట్టు షెడ్డులో
ఒంటెద్దుకు రెండు మడకలు కట్టినట్టు.

అమ్మినాయన సగం బొటనవేలితో
నోట్లు తిప్పుకుంటా చెప్పినాడు:
"కత్తి చెప్పినమాట వింటుంది సామీ,
బల్లే వినదు."
నవ్వినాను.
మూడో కంతు కట్టకముందే నవ్వు ఆగిపోయింది.

పైబల్ల ఎత్తి, పొట్టుగూడు తిప్పి,
కింద నుంచి పలక తోస్తే మందం సమంగా వస్తుంది.
మళ్ళా బల్ల దించి గొళ్ళెం వేస్తే
పొద్దున ఉన్నచోటనే కూర్చున్నట్టుంటుంది.
కూర్చోదు.
వెంట్రుకవాసి.
ఆ వెంట్రుకవాసి
ఆరడుగుల పనసపలక కొసన
ఎవరో పంటితో కొరికినట్టు
రెండంగుళాల పల్లమై తేలుతుంది.

ఉయ్యాలబల్ల అది, గిరింపేట టీచరమ్మది.
"ఊగాల గానీ ఊగులాడకూడదు మేస్త్రీ,"
అడ్వాన్సు ఇచ్చి పోతా పోతా అనింది.

చేత్తో చిత్రిక పట్టిన ముప్పై ఏండ్లూ
తప్పొస్తే అది నా భుజానిది.
ఇప్పుడు ఎవరిదని వెతకల్ల.
మొగిలీశును తిట్టినాను, కొసన ఒత్తి పట్టినావని.
కత్తులు విప్పి సాన పట్టించినాను.
కత్తులు బాగనే ఉన్నాయి.
కార్తీకం వానలకు ఒక మూల నేల కుంగి
మిషను రవ్వంత మెలి తిరిగిందని
శానా రోజులకు తెలిసింది.
ఆ పొద్దు వానికి రెండు టీలు ఇప్పించినాను.
మాట మాత్రం చెప్పలేదు.

రెండు బల్లల మీదుగా స్టీలుబద్ద పరిచి
వంగి చూస్తే నాకు అంతా మసక.
శుక్లం తీసిన కన్ను చిత్తూరు కొండల్ని చూస్తుంది,
ముక్కు కిందది చూడదు.
క్యారియరు తెచ్చిన ద్రాక్షాయణిని పిలిచినాను.
కుచ్చిళ్ళు దోపుకుని పొట్టులో మోకాళ్ళూనింది.
అవతల మొగిలీశు సెల్లు లైటు పట్టినాడు.

"వెలుతురు కనిపిస్తాందా?"
"కనిపిస్తాంది."
మర పావు తిప్పినాను.
"ఇప్పుడు?"
"ఇంకా ఉంది. సన్నగా. తలుపు సందులో తెల్లారినట్టు."
ఇంకో పావు.
"ఈ పక్క పోయింది. ఆ పక్క వచ్చింది."

ఇన్నేండ్ల కాపురంలో
వెలుగు లేదనే మాట ఆమె నోట వినాలని
ఎప్పుడూ ఇంతగా కోరుకోలేదు.

సంగటి చల్లారిపోయింది.
మర ఇంక తిరగనంటాంది. కాగితమేదన్నా పెట్టల్ల.
క్యాలెండరు అట్ట ఎక్కువ. బీడీకట్ట కాగితం చాలదు.
చొక్కాజేబు తడిమితే వేలూరు బస్సు టికెట్టు,
కంటి ఆపరేషనుకు పోయిన నాటిది.
పెద్దలు: 2.
మడత విప్పి, ఒకటే పొర,
బల్ల ఆనే దిమ్మె మీద పరిచి దించినాను.

"ఇప్పుడు?"
కాసేపు మాట్లాడలేదు.
తల అటు వంచి, ఇటు వంచి,
"చీకటి," అనింది.

స్విచ్చి వేసి పలక తోసినాను.
పేళ్ళు మెత్తగా వచ్చి పాదాల మీద పడినాయి.
మొగిలీశు కొస మీద అరచెయ్యి పోనిచ్చి
నా దిక్కు చూడకుండా
"పల్లం లే" అన్నాడు.

ఉయ్యాల పోయింది. లోను ఇంకా రెండు కంతులుంది.
మొన్న ఆయిలు పెట్టను బల్ల ఎత్తితే
టికెట్టు మీద ఒక్క అక్షరమూ లేదు,
ఊర్లు, తేదీ, రూకలు, ఇద్దరు పెద్దలు,
అంతా తెల్లగా.
ఎట్లుండిందో అట్లే పెట్టి
గొళ్ళెం వేసినాను.